నోరున్న బండి, నోటికి తాళమేసిన బండి

మా బావమరిది గేటు తీయగానే ముందు షెడ్డు వైపు చూస్తాడు. "బావా, ఇంకా రెండూ ఉన్నాయా?" అంటాడు. తర్వాతే కుశల ప్రశ్నలు.

షెడ్డు లోపల ఉన్నది 1969 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. షెడ్డు బయట ఎండకీ వానకీ నిలబడ్డది ఆరేళ్ళ క్రితం కొన్న, రెండు వరసల సీట్లున్న డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. వాడి ఉద్దేశంలో ఒక మనిషికి ఒక బండి చాలు. "ముసలిదాన్నన్నా అమ్మెయ్, ఏనుగునన్నా అమ్మెయ్" అని నాలుగేళ్ళుగా పోరు పెడుతున్నాడు. నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాను. మొన్న మాత్రం కూర్చుని ఆలోచించాను, నిజంగా ఒకటే ఉంచుకోవాల్సి వస్తే ఏది ఉంచుకుంటాను అని.

ముందే ఒక మాట. ఈ బీటిల్ మా నాన్నది కాదు, తాతదీ కాదు. పన్నెండేళ్ళ క్రితం నేనే చూసి, బేరమాడి కొన్నాను. కాబట్టి ఇందులో వారసత్వం, కన్నీళ్ళు లాంటివి ఏమీ లేవు.

లెక్కలతో మొదలుపెడదాం, అవి తొందరగా తేలిపోతాయి. నా బీటిల్‌ది 1,285 సీసీ ఇంజన్, 40 హార్స్‌పవర్. బండి బరువు ఎనిమిది వందల కిలోల పైన, పొడవు నాలుగు మీటర్లు. కిందికి దిగుడు రోడ్డు ఉండి, వెనకనుంచి గాలి తోస్తే గంటకి 120 కిలోమీటర్లు. పికప్ పొడవు 5.3 మీటర్లు, బరువు రెండు టన్నులు, 170 పైచిలుకు హార్స్‌పవర్. తొట్టిలో టన్ను బరువు మోస్తుంది, వెనక మూడున్నర టన్నుల ట్రాలీని లాగుతుంది. ఇంత తేడా ఉన్నా, నా నోటు పుస్తకంలో రెండిటి మైలేజీ ఒక్కటే: లీటరుకి కాస్త అటూ ఇటూగా పదకొండు కిలోమీటర్లు. ఒకటి పెట్రోలు, ఇంకొకటి డీజిల్, అది నిజమే. అయినా రెండున్నర రెట్లు బరువున్న బండి అదే లీటరుతో అంతే దూరం పోతోందంటే, ఇంజన్ల విద్యలో యాభై ఏళ్ళలో జరిగింది చిన్న పని కాదు.

అంటే లెక్కపెట్టగలిగిన ప్రతిదాంట్లోనూ పికప్‌దే పైచెయ్యి. పాత కార్ల అభిమానులు ఈ మాట ఒప్పుకోరు. వాళ్ళ దగ్గర రెండు వాదనలు రెడీగా ఉంటాయి, రెండూ నేను ఒకప్పుడు చెప్పినవే.

మొదటిది: "ఆ రోజుల్లో ఇనుము ఇనుములా ఉండేది. ఇప్పటి బండ్లు డబ్బా రేకులు." ఇది శుద్ధ అబద్ధం. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నడిపే ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ ఉంది. 1959లో మొదలైంది. యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2009లో వాళ్ళు 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నీ, 2009 నాటి షెవర్లే మాలిబూనీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. పాత కారు చూడ్డానికి ఓడలా ఉంటుంది. గుద్దుకోగానే దాని ముందు భాగం మడతపడి, డ్రైవర్ కూర్చునే చోటు దాకా వచ్చేసింది. మనిషి ఉండి ఉంటే బతికేవాడు కాదని తేల్చారు. మాలిబూలోని డ్రైవరుకైతే కాలికి దెబ్బ తగిలి ఉండేదంతే. బండి మెత్తగా నలగడం లోపం కాదు, మనిషి నలగకుండా ఉండడానికే ముందు భాగాన్ని అలా కడతారు.

నా బీటిల్ సంగతి వేరే చెప్పాలా? డిక్కీ ముందు, ఇంజన్ వెనక. ఆ ముందు డిక్కీలో, సరిగ్గా నా మోకాళ్ళకి ఎదురుగా, పెట్రోలు ట్యాంకు. ఎయిర్ బ్యాగులు లేవు, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వానలో గట్టిగా తొక్కితే బండి ఏ పక్కకి లాగుతుందో ముందే ఊహించి స్టీరింగ్‌ని రెండో పక్కకి పట్టి ఉంచాలి. ఇందులో మా పిల్లల్ని హైవే ఎక్కించను. ఎక్కించలేదు కూడా.

రెండో వాదన: "పాత బండి చెడిపోదు." ఈ మాట అన్నవాళ్ళు ఎప్పుడూ పాత బండి మెయింటెయిన్ చేసి ఉండరు. బీటిల్‌కి ప్రతి అయిదు వేల కిలోమీటర్లకీ టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర ఉండే సందు, చూసుకోవాలి. అదీ ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే, అంటే రాత్రి ఆపి పొద్దున్నే. ప్లగ్గులకి నిప్పు పుట్టించే పాయింట్ల గ్యాప్ చూడాలి, ప్లగ్గులు గీకాలి. ఇంజన్లో పట్టేది రెండున్నర లీటర్ల ఆయిలే. దానికి ఫిల్టరు లేదు, అడుగున ఒక జల్లెడ ఉంటుంది, అంతే. కిలోమీటర్లు లెక్కపెట్టే మీటర్లో అయిదే అంకెలు. 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఆ లెక్క దాకా ఇంజన్ విప్పకుండా నడిస్తే అదే గొప్ప అనుకునే కాలం అది. నా పికప్ లక్షా అరవై వేలు తిరిగింది, ఇప్పటిదాకా ఇంజన్ మీద పానా పెట్టిన వాళ్ళు లేరు.

రోడ్డు మీద ఇవాళ కనిపించే పాత కార్లన్నీ బాగానే నడుస్తున్నాయి కదా అంటారు. నడవనివి ఎప్పుడో తుక్కులోకి పోయాయి కాబట్టే మనకి కనిపించవు.

మరి ఇంత తెలిసీ బీటిల్‌ని ఎందుకు ఉంచుకున్నాను? ఒక రాత్రి సంగతి చెబుతాను.

వాన పడుతోంది. ఇంటికి ఇంకా ముప్పై కిలోమీటర్లుంది. బండి ముందు కాస్త బలహీనపడింది, ఎత్తు ఎక్కడానికి ఆయాసపడింది. తర్వాత సైలెన్సర్లోంచి టప్ టప్ అని కొట్టడం మొదలైంది. పక్కకి తీసేలోపే ఆగిపోయింది. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు. టార్చ్ నోట్లో పెట్టుకుని వెనక మూత ఎత్తాను. ఒక్కసారి గుండెల నిండా గాలి పీలిస్తే పెట్రోలు వాసన బాగానే వస్తోంది. అంటే పెట్రోలు అందుతోంది, నిప్పు అందట్లేదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకి రెండు క్లిప్పులు, వేలితో తీస్తే ఊడొస్తాయి. లోపల పాయింట్లు చూశాను. అవి విడిపోవాల్సిన చోట కూడా దాదాపు అతుక్కునే ఉన్నాయి.

తప్పు బండిది కాదు, నాది. పాయింట్లని తెరిచే చిన్న ఫైబర్ ముక్క, మధ్యలో తిరిగే గడ్డల ఇరుసు (క్యామ్) మీద రుద్దుకుంటూ ఉంటుంది. దానికి అప్పుడప్పుడూ పెసరబద్దంత గ్రీజు పెట్టాలి. నేను రెండు సర్వీసులుగా పెట్టలేదు. ముక్క అరిగిపోయింది, గ్యాప్ మూసుకుపోయింది. అక్కడ ఉండాల్సిన గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ ఇంట్లో ఉంది. జేబులో ఒక విజిటింగ్ కార్డు ఉంది, కాస్త మందంగా ఉన్నది. చిన్న స్క్రూ డ్రైవర్‌తో స్క్రూ వదులు చేసి, కార్డు మధ్యలో పెట్టి, అది కాస్త పట్టుకుని జారేటట్టుగా బిగించాను. మూత పెట్టి తాళం తిప్పితే సగం చుట్టులో అందుకుంది.

ఈ కథ విన్నవాళ్ళంతా "ఆహా, అదీ బండంటే!" అంటారు. ఆ నలభై నిమిషాలూ వెన్ను మీంచి నీళ్ళు కారుతూ, పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే నేను పడ్డ టెన్షన్ ఎవరికీ పట్టదు. పికప్‌లో వచ్చి ఉంటే ఆ వేళకి నిద్రపోతూ ఉండేవాణ్ణి. దానికి పాయింట్లే లేవు, అరగడానికి.

అయినా ఆ రాత్రి నాకు దక్కింది ఒకటుంది. బండి ఏం చెబుతోందో నాకు అర్థమైంది. వాసన, చప్పుడు, ఆయాసం, అన్నీ ఒకే చోటికి వేలు చూపించాయి. అక్కడికి చేరుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

పికప్ కథ కూడా వినండి, తూకం సరిపోవాలి కదా.

రెండేళ్ళ క్రితం డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. మర్నాటికి బండి వేగం అందుకోవడం మానేసింది. ఎంత తొక్కినా ముసలెద్దులా నడుస్తోంది. డీజిల్ బండి సైలెన్సర్లో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. మసి నిండాక, లోపల వేడి అయిదారు వందల డిగ్రీలకి చేరితే అదే కాలిపోయి శుభ్రపడుతుంది. రోజూ అయిదు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే అంత వేడెక్కదు, ఫిల్టరు మూసుకుపోతుంది. అప్పుడు కంప్యూటరు ఇంజన్‌కి ఏమీ కాకుండా బలం తగ్గించేస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒక్కటే, పసుపు లైటు.

ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. బండి కంప్యూటరు చెప్పేది చదివే స్కానర్ పెట్టారు. స్క్రీను నా వైపు తిప్పలేదు. "ఫిల్టరు మొత్తం మార్చాలి సార్" అన్నారు. చెప్పిన అంకెకి పాత బీటిల్ ఇంజన్ ఒకటి కొత్తగా కట్టించుకోవచ్చు. తప్పు ఎక్కడో చెప్పే కోడ్ ఏమొచ్చిందని అడిగితే "అది మా సిస్టమ్‌లోనే ఉంటుంది సార్" అన్నారు. బండి నాది, జబ్బు నా బండిది, రిపోర్టు మాత్రం వాళ్ళ సిస్టమ్‌ది.

వెనక్కి తెచ్చేసి, తెలిసిన ఒక మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన దగ్గర అన్ని కంపెనీల బండ్లకీ పనికొచ్చే మామూలు స్కానరుంది. "ఇంజన్ ఆపండి" అన్నాడు. ఆపాను. ఫిల్టరుకి ముందూ వెనకా ఉండే ఒత్తిడిలో తేడాని చూపించే అంకె తెర మీద సున్నా కావాలి, కాలేదు. "ఇంజన్ ఆగిపోయాక ఒత్తిడి ఎక్కడిదండీ? ఇది ఫిల్టరు తప్పు కాదు, చెప్పేవాడి తప్పు" అన్నాడు. కిందికి దూరి చూస్తే సెన్సరుకి పోయే రబ్బరు గొట్టం వేడికి పగిలి, నీళ్ళు చేరి సెన్సరు పాడైంది. నా వేలంత గొట్టం, అగ్గిపెట్టెంత సెన్సరు. గంటలో పనైపోయింది. ఫిల్టరు అదే, ఇప్పటికీ అదే.

ఆ రోజు నుంచే నా వాదన మారింది. అంతకుముందు నేనూ అందరిలాగే "కొత్త బండ్లకి నోరు లేదు, లైటు ఒక్కటే వెలిగిస్తాయి" అనేవాణ్ణి. నిజానికి ఆ పికప్ తన జబ్బుని బీటిల్ కంటే పదిరెట్లు స్పష్టంగా చెప్పింది. ఫలానా సెన్సరు, ఫలానా అంకె, ఫలానా టైములో తేడా వచ్చిందని రాసి మరీ పెట్టుకుంది. బీటిల్ చెప్పింది నేను వాసన చూసి ఊహించుకోవాలి, తప్పు ఊహించిన రోజులు బోలెడు. పికప్‌కి నోరుంది. ఆ నోటికి ఎవరో తాళం వేశారు.

ఎవరో అని ఎందుకంటున్నానంటే అది యంత్రం గుణం కాదు, మనుషులు తీసుకున్న నిర్ణయం. దీన్ని మార్చిన చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఒకే రకం స్కానర్ సాకెట్టు ఉండాలని రూలు పెట్టారు. మెకానిక్ దగ్గర ఉన్న ఆ మామూలు స్కానర్ పనిచేసిందంటే ఆ రూలు పుణ్యమే. అది పెట్టింది కూడా మన రిపేర్ల కోసం కాదు, పొగ తగ్గించడం కోసం. యూరోప్‌లో 2001 నుంచి పెట్రోలు కార్లకి అలాంటిదే వచ్చింది. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఓటర్లు ఇంకో అడుగు వేశారు. డీలర్లకి ఇచ్చే రిపేరు సమాచారం, పనిముట్లు బయటి మెకానిక్‌లకి కూడా అందాలని ఓటేసి చట్టం తెచ్చుకున్నారు. ఆ తర్వాత కార్లు సమాచారాన్ని వైర్లు లేకుండానే కంపెనీకి పంపడం మొదలైంది. 2020లో దాని మీద మళ్ళీ ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది, మళ్ళీ గెలిచారు. తాళం ఒక చోట తీస్తే ఇంకో చోట పడుతోందన్నమాట.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీసేస్తాను. "పాత బండికి స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి" అంటారు. నా బీటిల్‌కి దొరుకుతాయి, అది పాతది కాబట్టి కాదు. 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో ఆఖరి బీటిల్ బయటికొచ్చే నాటికి మొత్తం 2,15,29,464 బండ్లు తయారయ్యాయి. అంత సంత ఉంటే పార్టులు తయారుచేసేవాళ్ళు ఉంటారు. అదే వయసున్న, పదివేలు కూడా అమ్ముడుపోని కారు కొని చూడండి. ఒక్క విండ్‌స్క్రీన్ పగిలితే ఏడాది షెడ్డులోనే.

ఇక పికప్ మీద నాకున్న అసలు కోపానికి వస్తాను. అది దాని సైజు.

పక్కింటి చిన్నవాడికి నాలుగేళ్ళు. ఒకరోజు బంతి కోసం మా గేట్లోకి వచ్చి పికప్ ముందు వంగాడు. నేను అప్పుడే సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాను. బంతి దొర్లుకుంటూ పక్కకి రావడం అద్దంలో కనిపించింది కాబట్టి ఆగాను. దిగి చూస్తే వాడు బంపరుకి మూరెడు దూరంలో ఉన్నాడు. ఏమీ కాలేదు. కానీ చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం టేపు, ఒక ప్లాస్టిక్ బకెట్ తీసుకుని కూర్చున్నాను. పికప్ బానెట్ అంచు నేల నుంచి 110 సెంటీమీటర్లు. నాలుగేళ్ళ పిల్లాడు దానికంటే పొట్టి. బకెట్‌ని బండి ముందు పెట్టి కొంచెం కొంచెంగా జరిపిస్తూ పోతే, దాని అంచు నాకు సీట్లోంచి కనిపించేసరికి దాదాపు నాలుగు మీటర్ల దూరం పోయింది. అదే బకెట్ బీటిల్‌లోంచి మీటరున్నరలో కనిపించింది. బీటిల్ ముక్కు గుండ్రంగా కిందికి వాలి ఉంటుంది మరి.

ఇది నా ఒక్కడి భయం కాదు. ఇందాక చెప్పిన ఐఐహెచ్ఎస్ వాళ్ళే 2023లో లెక్కలు బయటపెట్టారు. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన పికప్‌లు, ఎస్‌యూవీలు, వ్యాన్లు పాదచారుల్ని గుద్దినప్పుడు, 30 అంగుళాల లోపు ఎత్తుండి ముక్కు వాలుగా ఉన్న బండ్లతో పోలిస్తే మనిషి చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. నా 110 సెంటీమీటర్లని అంగుళాల్లోకి మార్చుకుంటే 43.

పాత కారులో ప్రమాదమంతా లోపల కూర్చున్నవాడిది. పికప్ నన్ను చుట్టూ దిండ్లు పెట్టి కాపాడుతుంది, ఆ ఖర్చులో కొంత రోడ్డు మీద నడిచేవాడి లెక్కలో రాస్తుంది. నేను బీటిల్‌ని మెచ్చుకోవట్లేదు. దాని డ్రమ్ బ్రేకులకి ఆ పిల్లాడు ఎదురైతే వాడి గతి ఏమయ్యేదో నాకు తెలుసు. పొగ విషయంలోనూ అది దోషే, వెనక నిలబడితే కళ్ళు మండుతాయి. పికప్ వెనక ఏమీ తెలియదు.

కానీ ఇంత ఎత్తు, ఇంత పొడవు అవసరమా? బరువులు మోయాలంటే తప్పదు అంటారు. బీటిల్‌కి స్వయానా తమ్ముడొకడున్నాడు. అదే ఇంజన్‌ని వెనక పెట్టుకుని 1952లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 పికప్. పొడవు నాలుగుంపావు మీటర్ల లోపే. దాని తొట్టి మాత్రం రెండున్నర మీటర్ల పైన, మూడు వైపులా రేకులు కిందికి దిగుతాయి, తొట్టి కింద తాళం వేసుకునే అర కూడా ఉంటుంది. ముప్పావు టన్ను మోసేది. నా 5.3 మీటర్ల ఏనుగు తొట్టి పొడవెంతో తెలుసా? ఒకటిన్నర మీటరు. తలుపు చెక్క వేస్తే బయటికి పొడుచుకొస్తుంది. మిగతా పొడవంతా రెండు వరసల సీట్లకీ ఆ ముక్కుకీ పోయింది. టైప్ 2లో డ్రైవర్ మోకాళ్ళే బంపరు, ఆ బండి ఇప్పుడు తిరిగి రావాలని ఎవరూ అనరు, నేనూ అనను. ఈనాటి బ్రేకులు, ఈనాటి ఇంజన్, వాలు ముక్కు, పొడుగు తొట్టి, మెకానిక్ ఎవరైనా చదవగలిగే కంప్యూటరు, ఇవన్నీ ఉన్న బండి తయారుచేయడం చేతకాని విద్యేమీ కాదు. అది వచ్చిన రోజు నా పికప్‌ని మర్నాడే అమ్మేస్తాను. బీటిల్‌ని కూడా అమ్ముతానేమో.

ఇదంతా మొన్న బావమరిదికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, అది వాడి స్వభావం కాదు. విని, షెడ్డు లోపల టేపు పెట్టి కొలిచాడు. "నాలుగున్నర మీటర్లే బావా. ముసలిదాన్ని అమ్మినా ఏనుగు ఇందులో పట్టదు."

"తెలుసు."

"మరి చెప్పవేం?"

వాడే వెళ్ళి బీటిల్‌లో కూర్చున్నాడు. విండ్‌స్క్రీన్ మీద దుమ్ము ఉంది. వాషర్ మీట నొక్కాడు, నీళ్ళు రాలేదు. మళ్ళీ నొక్కాడు. "మోటారు పోయినట్టుంది బావా."

"దానికి మోటారు ఉండదురా. స్టెప్నీ టైర్లో ఉన్న గాలే నీళ్ళని తోస్తుంది. గాలి మరీ తగ్గితే వాల్వు మూసుకుంటుంది, లేకపోతే అద్దం కడుక్కుని స్టెప్నీ పోగొట్టుకుంటాం."

కాసేపు నమ్మలేదు. దిగి, ముందు మూత ఎత్తి, స్టెప్నీ నుంచి నీళ్ళ డబ్బాకి పోయే సన్న గొట్టాన్ని వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్ళాడు. తర్వాత తలెత్తి, "గాలి కొట్టే పంపు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.